మా పెరట్లో ఎర్ర సేదు

ముందు పేరు సంగతి తేల్చేద్దాం. విత్తనాల ప్యాకెట్ మీద ఇంగ్లిష్ అక్షరాలు చూసి నేను చాలా రోజులు దాన్ని ‘రాడిచియో’ అన్నాను. మా టీమ్ కాల్‌లో మిలాన్ నుంచి కనెక్టయ్యే ఒకాయన నవ్వాపుకుని ‘రడీకియో’ అని సరిదిద్దాడు. మా అమ్మ రెండూ వింది, రెండిటినీ పక్కన పెట్టేసి ‘ఎర్ర సేదు’ అంది. ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది.

చూడ్డానికి చిన్న ఎర్ర క్యాబేజీలా ఉంటుంది. ముదురు ద్రాక్షరంగు ఆకు, మధ్యలో తెల్లటి ఈనె. కొరికితే మాత్రం క్యాబేజీ కాదని మొదటి సెకన్లోనే తెలిసిపోతుంది. నేను మొదటిసారి తిన్నది బెంగళూరులో, ఒక టీమ్ లంచ్‌లో. నాలుగు ఆకులు, రెండు అక్రోటు ముక్కలు, పైన నల్లగా తియ్యటి పులుపు ఏదో. 420 రూపాయలు. అందరూ వావ్ అన్నారు, నేనూ అన్నాను. ఆ చేదు ఎక్కడో తెలిసిన చేదులా అనిపించింది గానీ ఎక్కడ తిన్నానో గుర్తు రాలేదు. ‘గుర్తు రాలేదు’ అనడం కూడా పూర్తి నిజం కాదులెండి. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మాది కురుపాం. మ్యాప్‌లో వెతికేవాళ్ళ కోసం, పార్వతీపురం మన్యం జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చేదాకా విజయనగరం జిల్లాలో ఉండేవాళ్ళం. డాబా ఎక్కితే తూర్పు కనుమలు కనిపిస్తాయి, వాటి వెనక ఒడిశా. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోందని మేనేజర్‌ని బతిమాలి, ఏడాదిలో కొన్ని నెలలు ఇంటి నుంచి పని చేసుకునేలా ఒప్పించుకున్నాను. ల్యాప్‌టాప్ ముందు గదిలో, రూటర్ బీరువా మీద, పెరడు వెనక.

వచ్చిన మొదటి వారంలోనే ఒకటి గమనించాను. ఫ్రిజ్‌లో ఒకటే గిన్నె. ఆదివారం వండిన పప్పుచారు బుధవారం దాకా నడుస్తోంది. అడిగితే, ‘ఒక్కదానికి ఏటొండుకుంటాన్రా’ అంది. మా అమ్మ వంటని కష్టంగా చూసే మనిషి కాదు. పది మంది వస్తున్నారంటే ముఖం వెలిగిపోయే మనిషి. కాబట్టి పెరట్లో నాలుగు మొక్కలు వేస్తే తనకీ కాలక్షేపం అవుతుంది, నాకూ స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పుకునే వంక దొరుకుతుంది అనుకున్నాను. అందరూ వేసే వంకాయ, బెండకాయ వదిలేసి ఇటలీ ఆకు ఎందుకు ఎంచుకున్నానంటే, ఆ 420 రూపాయల కసి ఇంకా తీరలేదు.

పెరడంటే తోటనుకోకండి. ఒక మునగ చెట్టు, కరివేపాకు, గోడవార కొంచెం నేల, ఆరు పాత పెయింట్ బకెట్లు. మా మండలంలో నిజమైన తోటల కష్టం వేరు. ఒడిశా వైపు నుంచి దిగిన ఏనుగులు కొన్నేళ్ళుగా కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస మండలాల్లో తిరుగుతున్నాయి. అరటో చెరకో వేసుకున్న రైతుకి ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోతుంది. వాళ్ళ ముందు నా 12 మొక్కల కథ చెప్పుకోవాలంటే సిగ్గే. నా పంట మీదకి వచ్చిన శత్రువు పక్కింటి కోడి.

సరే, ఈ ఇటలీ ఆకుతో మీకేం సంబంధం అంటారా? మీలో చాలామంది దీని చుట్టాన్ని రోజూ పొద్దున్నే తాగుతున్నారు. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ ఉంది కదా, అది ఈ జాతి మొక్క వేరే. రెండిటికీ శాస్త్రం పెట్టిన పేరు ఒకటే, సికోరియం ఇంటిబస్. ఒక రకాన్ని వేరు కోసం పెంచుతారు, ఇంకో రకాన్ని ఆకు కోసం. నెపోలియన్ కాలంలో, 1806 నుంచి ఇంగ్లండ్ వ్యాపారాన్ని అడ్డుకోవాలని యూరప్ రేవులు మూయించినప్పుడు ఫ్రాన్స్‌కి కాఫీ గింజలు కరువయ్యాయి. అప్పుడు ఈ వేరునే ఎండబెట్టి, వేయించి, పొడి చేసి తాగడం బాగా పాకింది. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమమని అమ్మే పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని రూల్. అంటే మిగతా 49 వేరే కావచ్చు. ఇంట్లో ప్యాకెట్ తిప్పి చూడండి, ఎంత కలిపారో రాసి ఉంటుంది. హైదరాబాద్ యునానీ మందుల షాపుల్లో ‘కాస్నీ’ అని అడిగినా ఈ మొక్క గింజలే ఇస్తారు. అమ్మకి ఇదంతా చెప్తే, ‘మరి అంత దగ్గిర చుట్టమైతే మన నేల మీద రావాలి గదా’ అంది.

రాలేదు. మొదటిసారి.

జూన్‌లో తొలి వాన పడగానే వేశాను. మా ఊళ్ళో ఏం వేసినా అప్పుడే కదా వేస్తారు. తప్పంతా అక్కడే ఉంది. గింజలు మొలిచాయి, కొన్ని కోడి ఎత్తుకుపోయింది, మిగిలినవి ఏపుగానే పెరిగాయి. కానీ పచ్చగా, పొడుగ్గా, ముల్లంగి ఆకుల్లా విడివిడిగా వచ్చాయి. గడ్డ కట్టలేదు. ఎరుపన్న మాటే లేదు. ఆగస్టులో ఒక ఆకు తుంచి నోట్లో పెట్టుకుని, మీటింగ్‌లో మ్యూట్ తీసి మాట్లాడాల్సిన టైమ్‌లో మాట్లాడలేకపోయాను.

తర్వాత చదివితే అర్థమైంది. రడీకియో సొంతూరు ఇటలీ ఉత్తరాన వెనిస్ ఉన్న వెనెటో ప్రాంతం. రకాల పేర్లు కూడా అక్కడి ఊళ్ళవే. ట్రెవీజో, కియోజా, వెరోనా, కాస్టెల్‌ఫ్రాంకో. అది చలికాలపు పంట. పగలు చల్లగా ఉంటే ఆకులు లోపలికి ముడుచుకుని గడ్డ కడతాయి, రాత్రి చలికి ఎరుపు చిక్కబడుతుంది. ఎండ ముదిరితే గడ్డ మానేసి పూతకొమ్మ వేసే పనిలో పడుతుంది, చేదు పెరుగుతుంది. ఆ చేదుకి కారణం లాక్ట్యూసిన్, లాక్ట్యుకోపిక్రిన్ అనే పదార్థాలు. ఆకు తెంపితే కారే పాలలో ఉంటాయవి. పురుగూ పశువూ నోరు పెట్టకుండా మొక్క వేసుకున్న ఫైర్‌వాల్ అన్నమాట. నేను ఉత్తరాంధ్ర జూన్‌లో ఫైర్‌వాల్‌ని పెంచాను.

రెండోసారి అక్టోబరు రెండో వారంలో వేశాను. ఈసారి అమ్మ దగ్గరుండి చేయించింది. మట్టి, మాగిన గెత్తం, ఇసుక కలిపి బకెట్లకి అడుగున కన్నాలు. గింజ సన్నం కాబట్టి పైన వేలిగోరు మందం మట్టి చాలు. లోతుగా కప్పితే పైకి రాదు. నారు నాలుగు ఆకులేశాక మొక్కకీ మొక్కకీ జానెడు పైన ఎడం ఇచ్చి గోడకి తూర్పు వైపు పెట్టాం. మధ్యాహ్నం ఎండ తగలకూడదని. నీళ్ళు రెండు పూటలా కొంచెం కొంచెం. ఒకరోజు ఎండగట్టి మర్నాడు ముంచేస్తే మొక్క బెంగపడి చేదెక్కుతుందట. కోడికి పాత దోమతెర కట్టాం. నత్తల్ని రాత్రి ఫోన్ టార్చ్ వేసుకుని ఏరేశాం. అమ్మ బకెట్ పట్టుకునేది, నేను ఏరేవాణ్ణి. ఆ నెలలో మేమిద్దరం మాట్లాడుకున్నన్ని మాటలు అంతకుముందు మూడేళ్ళలో మాట్లాడుకోలేదు. ఎక్కువ మాటలు నత్తల గురించే అయినా సరే.

డిసెంబరు ఆఖరికి ఆకుల మొదట్లో ఎర్రటి గీతలు కనిపించాయి. జనవరిలో పొగమంచు కొండ దిగి వీధిలోకి వచ్చే రోజుల్లో ఎరుపు నిండింది. 12 మొక్కల్లో గడ్డ కట్టినవి ఐదు. పిడికిలి కంటే కొంచెం పెద్దవి, అంతే. ప్యాకెట్ మీది బొమ్మతో పోల్చకూడదు. నేను పోల్చాను, ఫొటో కూడా తీశాను, ఎవరికీ పంపలేదు.

మిగతా ఏడింటినీ పీకేద్దామనుకున్నాను. అప్పుడే ట్రెవీజో వాళ్ళ పద్ధతి ఒకటి దొరికింది. అక్కడ చలికి తడిసిన మొక్కల్ని వేళ్ళతో సహా తవ్వి, పారే ఊటనీళ్ళలో వేళ్ళు మునిగేలా, వెలుతురు తగలకుండా నిలబెడతారు. చీకట్లో వేరు తన దగ్గర దాచుకున్న బలంతో లోపలి నుంచి కొత్త ఆకులు తోస్తుంది. పైన పాత ఆకులు కుళ్ళిపోతాయి, వాటిని ఒలిచేసి లోపలి లేతదాన్ని తింటారు. చేదు తక్కువ, కరకర ఎక్కువ. మా ఇంట్లో ఊటలు లేవు. బియ్యం డబ్బాలుండే గదిలో, ఒక బకెట్‌లో తడి ఇసుక పోసి వేళ్ళు పాతాం, పైన కుండ బోర్లించాం. దాదాపు మూడు వారాల తర్వాత కుండ ఎత్తితే తెల్లగా, అంచుల్లో గులాబీ రంగుతో, వేలెడు వేలెడు చిగుళ్ళు. అమ్మ తొంగి చూసి, ‘పెళ్ళి పాలికల్లాగ ఉన్నాయిరా’ అంది. నిజమే, పాలికల్లో నవధాన్యాలు నీడపట్టున పాలిపోయి మొలుస్తాయి చూడండి, అచ్చం అలాగే. ఏడింటిలో రెండు కుళ్ళిపోయాయి. ఆ వాసన గురించి ఇక్కడ రాయను.

ఇక తినడం. మొదటి గడ్డతో నేను వీడియో చూసి ఇటలీ వంట చేశాను. నాలుగు ముక్కలు కోసి, పెనం మీద నూనెలో కాల్చి, చీజ్ తురిమి. అమ్మ ఒక ముక్క తిని, మర్యాద కోసం ఇంకో ముక్క తిని, ‘సప్పగా ఉంది’ అంది.

చేదుగా ఉందనలేదు! నేను ఆశ్చర్యపోయాను, ఎందుకంటే నాకు చెవుల దాకా చేదుగా ఉంది. పచ్చి ఆకు చేతికిచ్చాను. నమిలింది. ‘ఇంతోటిదాన్ని సేదంటావేటిరా?’

చేదు అందరి నాలుక మీదా ఒకేలా ఉండదు. 1931లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ల్యాబ్‌లో ఆర్థర్ ఫాక్స్ అనే ఆయన పీటీసీ అనే పొడిని సీసాలోకి పోస్తుంటే కాస్త గాల్లోకి లేచింది. పక్కనున్న తోటి ఉద్యోగి ‘అబ్బ, ఎంత చేదు’ అన్నాడు. ఫాక్స్‌కి ఏ రుచీ తెలియలేదు. ఆ చిన్న తగువు నుంచే రుచి పుట్టుకతో వచ్చే జన్యువుల్ని బట్టి మారుతుందన్న పరిశోధన మొదలైంది. తీపిని పట్టుకోవడానికి మన నాలుకకి ఒక్క జత రిసెప్టర్ చాలు. చేదుకి మాత్రం దాదాపు 25 రకాలున్నాయి, విషాల్లో చాలా వాటికి చేదు రుచి కాబట్టి. దానికి తోడు అలవాటు. చిన్నప్పటి నుంచి తిన్న నాలుకకి చేదు ఒక హెచ్చరికలా అనిపించదు, ఉప్పూ కారంలా అదీ ఒక రుచే.

అమ్మ చిన్నప్పుడు పెరిగింది గుమ్మలక్ష్మీపురం వైపు, కొండ కింది పల్లెలో. వానలు పడ్డాక చేల గట్ల మీద మొలిచే ఆకుల్లో సగం చేదే. అందులో తనకిష్టం తుమ్మికూర. చిన్న చిన్న తెల్లపూలు పూస్తుంది, శివుడికి పెడతారు, ఆ మొక్క. ‘తుమ్మికూర ముందు ఇదేపాటి’ అంది, మిగతా ఆకు నమిలేస్తూ. ‘దాన్ని తిని పదేళ్ళు దాటింది.’

ఎందుకని అడగబోయి ఆగిపోయాను. ఎందుకో నాకు తెలుసు.

ఇంజినీరింగ్ రెండో ఏడాది. హాస్టల్‌కి అమ్మ బస్సులో ఒక డబ్బా పంపింది. తుమ్మికూర, ఎండుమిర్చి, చింతపండు, వెల్లుల్లి వేసి నూరిన పచ్చడి. రూమ్‌లో మూత తీస్తే ఒకడు వాసన చూసి, ‘ఇదేం గడ్డిరా? మీ కొండల్లో గడ్డి కూడా తింటారా?’ అన్నాడు. నలుగురూ నవ్వారు. చెప్పుకోవాల్సిన విషయం ఏమిటంటే, అందరికంటే గట్టిగా నవ్వింది నేను. ఆ రాత్రి డబ్బా తీసుకెళ్ళి కారిడార్ చివర చెత్తబుట్టలో బోర్లించి, కొళాయి కింద కడిగి పెట్టాను. ఫోన్‌లో ‘బాగుందమ్మా’ అన్నాను. ఇంకోసారి పంపింది. మళ్ళీ అంతే. మూడోసారి నేనే, మెస్ ఇప్పుడు బాగుంది, ఏమీ పంపొద్దన్నాను. నాన్నకి మామూలుగానే చేదు పడదు. నేనూ తినను. ఒక్కదానికి ఏటొండుకుంటుంది? ఆ మాట నాన్న పోయాక మొదలైందనుకున్నాను. లెక్క చూస్తే అంతకంటే చాలా ముందే మొదలైంది.

ఆ రోజు సాయంత్రం రెండో గడ్డని అమ్మ తన చేతిలోకి తీసుకుంది. ‘నీ వీడియో ఆపీ’ అని, కాకరకాయకి చేసినట్టే మొదలుపెట్టింది. ఇది మాత్రం రాసుకోండి, బెండకాయ తప్ప ఏ కూరా వండని నా ఫ్రెండ్‌కి కూడా కుదిరింది.

రెండు చిన్న గడ్డలు సన్నగా తరిగి, ఉప్పు రాసి పావుగంట వదిలేసి, పిండేయాలి. సగం చేదు ఆ నీళ్ళలో పోతుంది. (అమ్మ ఆ నీళ్ళు పారబోస్తూ, ‘అసలు రుచి ఇదే గదా’ అని గొణిగింది.) మూకుడులో రెండు గరిటెల నువ్వులనూనె, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. ఆకు వేసి నాలుగైదు నిమిషాలు మగ్గనివ్వాలి. ఇక్కడ మా బోరునీళ్ళు చిలకరించేసరికి ఆ అందమైన ఎరుపంతా నీలిబూడిద రంగులోకి తిరిగింది. నేను కంగారుపడ్డాను. అమ్మ పట్టించుకోకుండా నిమ్మకాయంత చింతపండు పులుసు పోసింది, కొంత ఎరుపు తిరిగొచ్చింది. ఆ ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగుది. పులుపులో ఎర్రబడుతుంది, క్షారంలో నీలంగా మారుతుంది. స్కూల్లో లిట్మస్ కాగితంతో చేసిన ప్రయోగమే, మూకుడులో. పులుసు దగ్గరపడ్డాక ఉసిరికాయంత బెల్లం. ఆఖర్న పొయ్యి కట్టేసి, నానబెట్టిన ఆవాలు ఎండుమిర్చితో నూరిన ముద్ద ఒక చెంచా కలపాలి. ఆవ పెట్టడం మా ఉత్తరాంధ్ర పద్ధతి. పొయ్యి మీదుండగా వేస్తే ఆవ చేదెక్కుతుంది. ఈ కూరకి ఇంకో చేదు అక్కర్లేదు.

వేడన్నంలో కలుపుకున్నాను. పులుపు ముందు వచ్చింది, వెనక బెల్లం, ఆవ ఘాటు ముక్కులోకి, అన్నీ దిగాక చివర్లో చిన్నగా చేదు. బెంగళూరు ప్లేట్‌లో ఆ నల్లటి తీపి పులుపు చేయబోయిన పని కూడా ఇదేనని అప్పుడు అర్థమైంది. వాళ్ళు ద్రాక్షరసం కాచి చేసిన వెనిగర్‌తో చేస్తారు, మేం చింతపండూ బెల్లంతో.

రెండో వాయి కలుపుతూ చెప్పేశాను. హాస్టల్, డబ్బా, చెత్తబుట్ట, మొత్తం. ముద్ద వైపే చూస్తూ చెప్పాను. అమ్మ తినడం ఆపలేదు.

‘తెలుసురా’ అంది.

‘ఎలా?’

‘డబ్బా కడిగి పంపేవు. తిన్నోడివి ఎప్పుడైనా కడిగి పంపేవా?’

ఇంకేం అనలేదు. కూర గిన్నె నా వైపు జరిపి, అడుగున ఉన్నది ఊడ్చెయ్యమంది. ఊడ్చేశాను.

మూడు గడ్డలు అలాగే అయ్యాయి. చీకటి గది చిగుళ్ళు పచ్చివే, ఉప్పు, నిమ్మరసం, వేయించిన వేరుశనగ పొడితో తిన్నాం. చివరి గడ్డ ఒకటి కొయ్యకుండా వదిలేశాం, గింజ కట్టుకోవాలని. మార్చి ఎండకి దాని మధ్యలోంచి కొమ్మ లేచింది, నా నడుము దాటింది, తర్వాత నీలం పూలు పూసింది. పొద్దున విచ్చుకుంటాయి, ఎండెక్కేసరికి ముడుచుకుంటాయి. అమ్మ పూజకి కోసింది. గింజలు మిగిల్చిందో లేదో ఇంకా చూడాలి.

తుమ్మికి గింజలు కొనక్కర్లేదు. వాన పడితే ఏ గట్టు మీద ముందు మొలుస్తుందో అమ్మకి తెలుసు, ఆటోలో వెళ్తే ముప్పావు గంటట. జులైలో రెండు రోజులు సెలవు పెట్టాను. కారణం దగ్గర ‘పర్సనల్’ అని రాశాను. అమ్మ ఇప్పట్నుంచే రోలు కడిగి ఎండలో పెట్టింది.